నాయనమ్మ గడ్డం మీద చుక్క

తన తల్లి ముఖం సరిగ్గా గుర్తురావడం లేదని నాన్న బాధ. నేను పుట్టకముందే పోయిన ఆమె గుర్తుగా మిగిలింది చెమ్మ పట్టి మచ్చలు పడ్డ ఒక్క ఫోటో. సౌదీలోని జుబైల్‌లో నా గదిలోనే ఉండే వెల్డర్, పాత ఫోటోలను ఫోన్‌లో బాగుచేస్తాడు. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి కదా, అతనితోనూ బేరమే పెట్టాను.

"ఒక్క మచ్చ మిగిలినా బిర్యానీ పెట్టించను."

మూడు శుక్రవారాలు కూర్చుని అన్నీ తుడిచాడు, గడ్డం మీద చుక్క తప్ప.

"అదీ తీసెయ్యి."

"ఆగన్నా, గిది మరక లెక్క కనిపిస్తలేదు. మీ బాపును అడుగు."

ఫోటో పంపి నాన్నకు వీడియోకాల్ చేశాను.

"అమ్మ పచ్చబొట్టురా! దాన్ని తడుముతూనే నిద్రపోయేవాణ్ణి" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

నా గడుసుతనం ఆ వెల్డర్ చూపు ముందు ఎందుకూ పనికిరాలేదు.