కన్నె కాయితం

మా ఆవిడ చేతులు జీడి సొనకి కాలిపోయిన ఏడాది సంగతిది. పలాస జీడి బట్టీలో పిక్కలు కొట్టే పని ఆవిడది. ఎంత బూడిద రాసుకున్నా సొన వేళ్ల సందుల్లోకి దిగి, తోలు పొరలు పొరలుగా ఊడింది. టెక్కలి డాక్టరు మందు రాసి, గుడ్డతో తుడవొద్దు, మెత్తటి టిష్యూ కాయితంతో అద్ది పారెయ్యమన్నాడు. పుండు తొందరగా మానకపోతే వేళ్లు ముడవడం కష్టమని కూడా అన్నాడు. ఆ మాటే నా గుండెల్లో కూర్చుంది. అప్పటికే అన్నం నేను కలిపి పెడుతున్నాను.

కాశీబుగ్గ కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి తెల్లటి తెలుపు, రెండోది కాస్త మట్టి రంగు. నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. పొట్లాల కాయితాల మీద అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. తెల్లదాని మీద వర్జిన్ అని ఉంది. ఆ మాట నాకు తెలుసు, మా చర్చిలో క్రిస్మస్‌కి వినేదే. కన్యక. కాయితం కన్యక ఎలా అవుతుందయ్యా అని అడిగితే కొట్టు ఆసామి పడీ పడీ నవ్వాడు. అంతకు ముందెప్పుడూ కాయితం కాని కర్ర గుజ్జుతో చేసిందట అది. రెండోది చదివేసిన కాయితాలు నానబెట్టి, సిరా కడిగి, మళ్లీ గుజ్జు చేసిందట. తెల్లదే మెత్తన అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఒక్కసారి అద్ది పారెయ్యడానికి చెట్టు కొట్టాలా? అక్కుపల్లి ఇసకలో కడవలతో నీళ్లు మోసి సరుగుడు పెంచిన వాళ్లం మేము. ఆ కర్ర లారీలెక్కి మిల్లుకి పోయేది ఇందుకా? పోనీ, న్యాయానికి పాతదే మెత్తగా ఉండాలి కదా. ఉతికి ఉతికి అరిగిన పంచె ఎంత మెత్తన! కొత్త పంచె నీళ్లే పీల్చదు. కాయితం దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తిరగబడిందేమిటి?

"నాను అమ్మీవోణ్ణి బావా, సేసీవోణ్ణి కాను" అని ఆసామి తప్పుకున్నాడు. రెండూ పట్టుకుని ఇంటికొచ్చాను.

అక్కని చూడ్డానికి మా బావమరిది వచ్చి ఉన్నాడు. ఉద్దానంలో కొబ్బరి పీచు తాళ్లు పేనుతాడు. సంగతి విని, పాత తాడు విప్పి మళ్లీ పేనితే పీచు పొట్టిదైపోయి కొసలన్నీ లేస్తాయి, ఆ కొసలే గుచ్చుకుంటాయన్నాడు. మరి పాత పంచె ఎందుకు గుచ్చుకోదురా అన్నాను. పంచెని విప్పి మళ్లీ నేస్తున్నామా అన్నాడు. నిజమే అనిపించింది. అయితే పాత పీచు కుక్కిన పరుపు మెత్తగా ఎందుకుంటుంది అన్నాను.  ఇద్దరం తలో కాయితం చింపి వెలుతురుకి పట్టి చూశాం. ఏం కనపడింది? ఏమీ లేదు.

మా ఆవిడ విసిగిపోయింది.

"మీ తగువు తెమిలీసరికి నా సేతులు ఎండిపోతాయి. రెండూ ఇలాగ తెండి."

ఎడం చేతికి మట్టి రంగుది అద్దాను. తడి తగలగానే అది ముక్కలు ముక్కలై పుండుకి అతుక్కుంది. ఆ నలుసులు ఒక్కొక్కటీ తీస్తుంటే ఆవిడ పళ్లు బిగబట్టింది. కుడి చేతికి తెల్లది అద్దాను. తడంతా పీల్చుకుని చిరగకుండా అలాగే ఊడొచ్చింది.

"ఇది మండనేదు" అంది.

"అది సెట్టుని కొట్టి సేసిందే" అన్నాను, నాకూ యాసొచ్చేసి.

"కొట్టీసినారు కదా. మరింకేటి సేత్తావు? ఇంకోటి తియ్యి."

తీశాను. ఆ రోజు నుంచి తెల్లదే వాడాం. కొట్టుకెళ్లిన ప్రతిసారీ ఆసామిని అదే ప్రశ్న అడిగేవాణ్ణి, అతను అలాగే నవ్వేవాడు. ఎవరూ నాకు తిన్నగా చెప్పలేదు. చెప్పినవాళ్లు చెప్పింది నా పంచె దగ్గరో పరుపు దగ్గరో ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం నేను ముద్ద కలపబోతుంటే ఆవిడ కంచం తనవైపు లాక్కుంది. వేళ్లు మెల్లగా ముడిచి, పప్పూ అన్నం కలిపి, తన చేత్తోనే నోట్లో పెట్టుకుంది. నాకు సంతోషమూ వచ్చింది, ఆ కాయితం మీద కోపమూ పోలేదు. అది ఎవరి మీద చూపించాలో తెలియక, కలపడానికి తడిపిన చేత్తో అలాగే కూర్చున్నాను.