మిషను ఆగిన అరగంట

సార్ పోయినారని పోయిన నెల ఒకరోజు తెల్లారేసరికి అమ్మ ఫోన్ చేసింది. అమ్మంటే సార్ భార్య. మేమందరం అట్లనే పిలుస్తాం. ఆ ఒక్క మాట చెప్పి ఫోన్ పట్టుకొనే ఉండిపోయింది. నేనూ ఫోన్ పెట్టలా. పెద్దోళ్ళు పెట్టేదాకా మనం పెట్టగూడదని నేర్పింది ఆయనే.

మార్కాపురం డిగ్రీ కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పినారు సార్. కొనకనమిట్ల పక్క గొర్లు కాసే ఇంట్లో పుట్టి నేను పీహెచ్‌డీ దాకా పోయినానంటే ఆయన చలవే. పోయి ఏం లాభం? ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు ఉద్యోగం, ఎండాకాలం వస్తే ఇంటికి పొమ్మంటారు. రాష్ట్రం విడిపోయినాక కొత్త పోస్టులు పడతాయని ఆశపడినాం. పడలా. ఇంకో ఏడు చూసి ఆ ఆశ మానుకోమన్నాడు నాయన. అప్పుడు సార్ బయటి రాష్ట్రాల యూనివర్సిటీలకి అప్లై చేయించినారు. వాళ్ళు ముందు ఫోన్లోనే ఇంటర్వ్యూ చేస్తారు, నచ్చితేనే రమ్మంటారు.

మా ఊళ్ళో సిగ్నలు అంతంతమాత్రం. అందుకని సార్ వాళ్ళ మేడ మీద గది నాకిచ్చినారు. ఆయన కింద వసారాలో కూర్చొని నాకు ఫోన్ చేసి, ముగ్గురు ప్రొఫెసర్లూ తానే అయ్యి, గొంతులు మార్చి ప్రశ్నలు అడిగేవారు. ఒక ప్రొఫెసరుకి ఎప్పుడూ దగ్గే. నాకు నవ్వాగేది కాదు. నిలబడి మాట్లాడమనేవారు, కూర్చుంటే గొంతు నీరసంగా పోతుందంట. "నువ్వు చెప్పినాక అవతల సద్దు లేకుంటే భయపడమాకమ్మా, రాసుకుంటా ఉంటారు. ఆ ఖాళీలో ఉన్నవీ లేనివీ వాగొద్దు" అనేవారు.

ఆ వీధిలో ఒక కార్ఖానాలో రాతి పలకలు కోసే మిషను ఉంది. అది తిరుగుతుంటే మన మాట మనకే వినపడదు. మొదటి ఇంటర్వ్యూ రోజు సార్ స్వయంగా పోయి కార్ఖానా ఆయన్ని అడిగి అరగంట ఆపించినారు. దాంతో వీధి వీధంతా నాకు ఇంటర్వ్యూ అని తెలిసిపోయింది.

బాగానే చెప్పినా. థాంక్స్ చెప్పి, వాళ్ళు పెద్దోళ్ళు కదా, వాళ్ళే పెట్టేస్తారని ఫోన్ చెవి దగ్గరే ఉంచుకొని నిలబడినా. నేను పెట్టేసినాననుకొని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఆ పోస్టు ముందే ఎవరికో అనుకున్నారంట, లెక్కకి నలుగుర్ని పిలవాలి కాబట్టి పిలిచినారంట. నా ఇంగ్లీషు యాస అనుకరించి ఒకాయన నవ్వినాడు. మిగతావాళ్ళూ నవ్వినారు.

అంతసేపూ గుమ్మంలో నిలబడి ఉన్న సార్ నా ముఖం చూసినారు. దగ్గరికొచ్చి ఫోన్ తీసుకొని చెవికి పెట్టుకున్నారు. కాసేపు విని, తానే పెట్టేసినారు.

"ఇట్లాటోళ్ళ కాడ మన మర్యాద దండగమ్మా. ఈసారి నుంచి నువ్వే పెట్టెయ్."

కిందికి పోయి కార్ఖానా ఆయన్ని మిషను వేసుకోమన్నారు. ఎట్లయిందని వీధిలో అడిగినోళ్ళకి బాగా చెప్పిందని మాత్రం చెప్పినారు. ఆ పూట అన్నం ముట్టలేదని తర్వాత అమ్మ చెప్పింది. నాకు వాళ్ళ మీద ఎంత కోపమొచ్చిందో, నాకు అంత అణకువ నేర్పినందుకు సార్ మీదా అంత వచ్చింది. ఆ మాట ఆయనతోనే అనేసినా. తప్పు నాదే తల్లీ అన్నారు. అది ఇప్పటికీ గుండెల్లో కలుక్కుమంటుంది.

తర్వాత రెండుచోట్ల కాదన్నారు. ఇంకోచోట పిలుపు వచ్చేసరికి సార్ మంచాన పడినారు. లేవలేని మనిషి, తేదీ ఎప్పుడని మాత్రం అడుగుతానే ఉన్నారు.

దినాలు అయిపోయిన వారానికి పడింది ఆ తేదీ. సావు జరిగిన ఇంటికి ఏం పోతానులే, కాలేజీలో ఏ మూలనో నిలబడి ఫోన్లో మాట్లాడేద్దామనుకున్నా. అమ్మే మళ్ళీ ఫోన్ చేసింది. "మేడ మీద గది ఊడ్చి పెట్టినా. రా."

పోయినా. మిషను ఆపమని అడిగే ధైర్యం లేక అట్లనే మేడెక్కినా. ఫోన్ మోగే ముందు వీధిలో సద్దు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే కార్ఖానా ఆయన దుమ్ము చేతులు తుడుచుకుంటా, మేడ దిక్కు చూస్తా అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

నిలబడే మాట్లాడినా. అవతల సద్దు లేనప్పుడు ఊరుకున్నా. గుమ్మం దిక్కు చూడకుండా ఉండడానికే ఎక్కువ కష్టపడినా. ఏమంటారో ఇంకా తెలీదు. చివర్న థాంక్స్ చెప్పి, నేనే ముందు పెట్టేసినా.

కాసేపటికి కింద మిషను మొదలైంది. ఆ హోరులో అమ్మకి వినపడదు కదా అని గట్టిగా ఏడ్చినా.