అర పాలు

వాకాడు దగ్గరి సముద్రపు ఒడ్డున అలివి వల లాగే ఆడవాళ్ళలో చెంచమ్మది ముందు చెయ్యి. పడవలో వెళ్ళి కడలిలో చుట్టుగా వల వేసి వస్తే, రెండు వైపులా మోకులు పట్టి గట్టుకు లాగాలి. మొగుడు పోయిన ఏడే ఆమె మోకు పట్టింది. అరచేతులు చీలి, ఉప్పునీళ్ళు తగిలినప్పుడల్లా భగ్గుమనేవి.

చేపలమ్మిన డబ్బులో సగం వల యజమాని కామాక్షయ్యకు. మిగతాది వల లాగినవాళ్ళకు పాలు వేసి, అంటే వాటాలుగా, పంచేవారు. మగవాడికి ఒక పాలు, ఆడదానికి అర పాలు.

1961 వేసవిలో కూలీల ఆదాయం లెక్క రాసుకోవడానికి కరుణాకుమారి అనే ఉద్యోగిని నెల్లూరు నుంచి వచ్చింది. ఆనాడు మగవాళ్ళకు తలా రెండు రూపాయలు, ఆడవాళ్ళకు తలా రూపాయి వచ్చింది.

"మనిషికి సగటున రూపాయిన్నర పడతా ఉండాదని రాసుకోమ్మా," అన్నాడు కామాక్షయ్య.

"అలా కుదరదండీ," అందామె. "మగవాళ్ళు నలుగురు, ఆడవాళ్ళు పన్నెండుమంది. ఎవరెంతమంది ఉంటే వాళ్ళ కూలికి అంత బరువిచ్చి సగటు కట్టాలి. రూపాయి పావలాయే వస్తుంది."

చెంచమ్మ తడిచీర పిండుకుంటూ విన్నది. "అంటే మీ లెక్కలో మేం ఒక్కోళ్ళం ఒక నిండు మనిషేనామ్మా?"

"మనిషంటే మనిషే కదా!"

"మరి పాలు పంచేకాడ అర మనిషైతిమే!"

కామాక్షయ్య నవ్వాడు. "బలాన్ని బట్టే గదే పాలు."

"చిన్నపోలయ్య మామ దగ్గతా దగ్గతా కూలబడతాడు, ఆయనకు నిండు పాలు. ఆయన ముందు నిలబడి లాగే నాకు అర. మా బలం ఏ తక్కెట్లో తూచినావన్నా?"

కామాక్షయ్య మళ్ళీ నవ్వి, డబ్బు సంచి మూతి బిగించాడు. ఆ నవ్వే ఆమెను దహించింది.

మర్నాడు వల అలల దాకా వచ్చాక చెంచమ్మ అరిచింది. "వదలండే!" ఆడవాళ్ళంతా మోకులు వదిలేశారు. నలుగురు మగవాళ్ళ వల్ల కాలేదు. వల మెలిపడి, పడిన కవళ్ళ చేపలన్నీ నీళ్ళలోకి జారిపోయాయి.

"నా కడుపు కొడతావటే!" అని కామాక్షయ్య మీదికొచ్చాడు.

"మా కడుపులు సగమే కాలతా ఉండాయా?"

వల కొన్నాళ్ళు ఇసుకలోనే ఎండింది. చివరికి ఆయన ఆడవాళ్ళకు ముప్పాతిక పాలు ఇవ్వడానికి దిగివచ్చాడు, చెంచమ్మ మాత్రం మోకు ముట్టకూడదన్నాడు. మిగతా ఆడవాళ్ళు సరేనన్నారు. ఆమె తోడికోడలు పేరమ్మ కళ్ళొత్తుకుంది. "పొయ్యి వెలగాలి గదక్కా."

"పోండి! ముప్పాతిక మనుషులైనారు, సంతోషపడండి!" అని చెంచమ్మ ఇసుక మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగింది.

తరవాత మగవాళ్ళు మద్రాసు రేవు పనులకు వెళ్ళిపోయారు. చేతులు చాలక కామాక్షయ్యే ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"నిండు పాలు ఇస్తా, రా."

"అందరికీనా?"

"నీకు."

"నాకొక్కదానికి నిండు పాలిచ్చి, వాళ్ళ మీద నన్ను కావలి పెడతావా? లే, నా గుమ్మం దిగు!"

వల లాగే మనుషులు ఇంకెక్కడా దొరకక, ఆ సీజను ముగిసేలోగా ఆడవాళ్ళందరికీ నిండు పాలు ఇవ్వక ఆయనకు తప్పలేదు. చెంచమ్మ మళ్ళీ మోకు పట్టింది. కామాక్షయ్యతో మాత్రం బతికినన్నాళ్ళూ మాట్లాడలేదు.