కిటికీ తెరిపించిన అబద్ధం

డెబ్బైల చివర్లో తిరుపతిలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేదాన్ని. పెళ్లిపత్రికలు, పంచాంగాలు, భక్తిపాటల పుస్తకాలు అక్కడ అచ్చయ్యేవి. ఉన్నది ఒకటే పొడుగాటి గది. ఒక చివర మిషను, రెండో చివర నా బల్ల, మధ్యలో సీసపు అక్షరాల అరలు. అచ్చు ముగిశాక అక్షరాలకంటిన సిరాను అక్కడే కిరసనాయిలుతో కడిగేవాళ్లు. గాలికి తడి కాగితాలు లేచిపోతాయని, రోడ్డు దుమ్ము సిరాకంటుకుంటుందని ఓనరు కిటికీలు తెరవనిచ్చేవాడు కాదు.

మూడేళ్లు ఆ వాసనలోనే పనిచేశాను. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం తట్టుకోలేకపోయాను. పదకొండయ్యేసరికి తల తిరిగేది. పెరట్లోకి పోయి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చునేదాన్ని. నాకు ముందు ఆ పని చేసినామెను నెల తప్పిందని తెలియగానే మాన్పించేశారు. మా ఆయనకు అప్పట్లో స్థిరమైన పని లేదు. అందుకే నోరు విప్పలేదు.

"చదువుకున్నామె గదప్పా, వాసన గూడా పడదు," అని మిషను నడిపే ఆయన నవ్వేవాడు.

అక్షరాలు కూర్చే పెద్దాయన నవ్వలేదు. అరవై దాటిన మనిషి, పని మాటలు తప్ప మాట్లాడేవాడు కాదు. ఒకరోజు నేను పెరట్లో గోడ పట్టుకుని నిలబడి ఉంటే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

"ఎన్నో నెలమ్మా?"

ఏడ్చేశాను.

"ఏడవాకు తల్లీ. నలుగురు ఆడబిడ్డల్ని కన్నోణ్ణి, సూస్తే తెలీదా?"

"ఓనరుకు చెప్పాకండి పెద్దాయనా."

"నేనెందుకు చెప్తా?"

మరునాడు ఓనరు రాగానే ఆయన ఎదురెళ్లి నిలబడ్డాడు.

"సామీ, ఈ కిరసనాయిలు వాసన నాకు పడ్లేదు. ఎద పట్టేస్తా ఉండాది. అక్షరాలు పెరట్లో కడుగుతా. ఆ ఎనక కిటికీ కొంచెం తెరిపీండి."

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడేమొచ్చెనప్పా?"

"ముసిలోణ్ణయినాను గదా. కాదంటే ఇంటికాడ కూసుంటా."

అంత చేయి తిరిగిన మనిషి మళ్లీ దొరకడని ఓనరుకు తెలుసు. గొణుక్కుంటూనే పెరట్లో రేకుల పందిరి వేయించాడు. కిటికీ తెరిచిన రోజున కాగితాలు నిజంగానే లేచాయి. పెద్దాయన కిటికీ కింది సగానికి గోనెపట్ట కట్టి, పై సగం వదిలేశాడు. నేను తల వంచుకుని ప్రూఫులు చూస్తున్నట్టే ఉన్నాను గానీ, ఒక్క అక్షరం కనిపిస్తే ఒట్టు.

ఏడో నెల దాకా పనిచేశాను. అప్పటికి ఓనరుకూ తెలిసిపోయింది. పంచాంగాల పని మీదుంది కాబట్టి మాన్పించకుండా, కాన్పయ్యాక రమ్మన్నాడు. వెళ్లే రోజు పెద్దాయనతో, "నాకోసం అబద్ధమాడినారు," అన్నాను.

"అబద్ధమే అనుకుంటినమ్మా. ఇప్పుడు సూస్తే దగ్గు తగ్గిపోయింది. ఇన్నాళ్లూ వయసని ఊరకుంటి. ఏం మందు తింటా ఉండావని మా ఇంటామె అడగతా ఉండాది."

మిషను ఆయన తలెత్తకుండానే, "నాకూ తలనొప్పి పోయిందప్పా. చెప్తే నవ్వుతారని చెప్పలా," అన్నాడు.

పాప పుట్టిన ఇరవై రోజులకు పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. బావి దగ్గర రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. వాసన చూసుకుని, పాపను ముట్టుకోకుండా దూరంగా కూర్చున్నాడు.

"వాసన పోలేదు తల్లీ. దానికి పడదు."

నేనే పాపను తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను. అది నిద్రలేచేదాకా ఆయన కాలు కదపలేదు.