మామ బండి మెట్లు విప్పిన రోజు

నల్లగొండ దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసి "నాయిన పోయిండు" అన్నాడు. నేను కుట్టుమిషన్ ముందు ఉన్నాను. ఎవరి పెళ్ళికో కుడుతున్న జాకెట్టు చేతిలోనే ఉండిపోయింది. పక్కింటి పెద్దమ్మ పరుగున వచ్చి, నన్ను పట్టుకుని, "మామ కోసం గింత ఏడ్సే కోడల్ని నేనెక్కడ సూడలే" అంది. మెచ్చుకోవడానికే అంది. అయినా నాకు సిగ్గేసింది. మామ ఎదురుగా కోడలు మంచం మీద కూడా కూర్చోని ఇల్లు మాది. అలాంటిది, చివరి ఏళ్ళలో ఆయన్ని ఎత్తింది, దించింది, ఒళ్ళు తుడిచింది నేనే. మా ఇద్దరి మధ్యా ఉన్న ఆ సిగ్గు గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను.

మామది గొర్లు కాసే ఇల్లు. నడివయసులో మంద అమ్మేసి, జీపు లాంటి ఒక పాత పెద్ద బండి కొన్నాడు. కేతేపల్లి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు, దవాఖానలకు కిరాయికి తిప్పేవాడు. బండి ఎత్తుగా ఉండేది. ఎక్కేటప్పుడు కాలు పెట్టడానికి రెండు వైపులా పొడుగాటి ఇనుప మెట్లు ఉండేవి. ఫుట్‌స్టెప్పులు అనేవాడు వాటిని. పొద్దున లేవగానే టీ కన్నా ముందు తడిబట్టతో ఆ మెట్లు తుడిచేవాడు. ముసలివాళ్ళెవరైనా వస్తే దిగి వచ్చి, చెయ్యి అందించి ఎక్కించేవాడు. "ఎక్కేటోళ్ళ కాలు జారితే సిగ్గు వాళ్ళది కాదు, డ్రైవర్ది" అనేవాడు.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. చక్రాల కుర్చీ వచ్చింది. బండి ఇంటి ముందు బజార్లోనే ఉంది, ఆయన్ని దాంట్లోకి చేర్చడమే కష్టమైంది. మెట్టు బయటికి పొడుచుకుని ఉండడంతో కుర్చీ సీటు దగ్గరికి వెళ్ళేది కాదు. ఒకరోజు దవాఖానకు బయల్దేరినప్పుడు, కుర్చీకీ సీటుకీ మధ్య నా చేతుల్లోంచి జారి, ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. పంచె తడిసింది. బజారు జనం ఉరికొచ్చి, తలా ఒక చెయ్యి వేసి లేపారు. ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

"ఎంతమందినో ఎక్కించిన బిడ్డా. ఇయ్యాల నన్ను మూట లెక్క ఎత్తేస్తున్నరు. ఇగ నేను గడప దాటను" అన్నాడు ఇంట్లోకి వచ్చాక. అన్నట్టే దాటలేదు. డాక్టరు దగ్గరికీ రానన్నాడు.

అప్పుడే భువనగిరి నుంచి కబురొచ్చింది. మామను ఎత్తుకుని పెంచిన వాళ్ళక్క మంచం పట్టిందనీ, తమ్ముణ్ణి చూడాలని ఒకటే పలవరిస్తోందనీ. మామ విన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజం కదులుతుంటే ఏడుస్తున్నాడని తెలిసింది.

మా ఆయన వరికోత మిషన్‌తో ఎక్కడో ఉన్నాడు. మా తమ్ముడు తెల్లారి వచ్చి బండి నడుపుతానన్నాడు. ఆ పొద్దు నేను మామ దగ్గరికి వెళ్ళి అడిగాను.

"మామా, గా మెట్టు తీసేస్తే కుర్చీ సీటుకు ఆనుతది గద?"

తలుపులోంచి బండి వైపు చూశాడు. తర్వాత "పానాలు అటక మీదున్నయ్" అన్నాడు.

చీర మీద మా ఆయన చొక్కా వేసుకుని, గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాను. మెట్టు ఊడి నా మీద పడకుండా కింద ఇటుకలు పేర్చాను. నట్లన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. డీజిల్ పోసి నానబెట్టినా కదల్లేదు. పానాకు పైపు తొడిగి గుంజితే ఒకటి కిర్రుమంది. తుప్పు కళ్ళలో పడింది. అప్పుడు గమనించాను, నా కాళ్ళు మోకాళ్ళ దాకా బజార్లోకి చాచి ఉన్నాయని. పిల్లగాళ్ళు ఎవరో మోటార్ సైకిల్ స్లో చేసి నవ్వుకుంటూ పోయారు. సిగ్గుతో అక్కడే బిగుసుకుపోయాను.

కుర్చీ చక్రాల చప్పుడైంది. పంచె తడిసిన రోజు నుంచీ గడప దాటని మనిషి కుడిచేత్తో, కుడికాలితో కుర్చీ నెట్టుకుంటూ బజార్లోకి వచ్చాడు. నా కాళ్ళ దగ్గర ఆగాడు. ఒళ్ళోని గొంగడి ఒక కొస పంటితో పట్టుకుని, ఇంకో కొస కుడిచేత్తో చాచి, అడ్డంగా పట్టాడు.

"ఏందే, గొంగడి ఆరబెడుతున్నవా?" అని ఎవరో అడిగారు. పళ్ళతో గొంగడి పట్టుకున్న మనిషి ఏం చెప్తాడు? తల ఊపాడంతే. నేను కింద పడుకుని కళ్ళు తుడుచుకుంటూ నట్లు విప్పాను.

మెట్టు ఊడి ఇటుకల మీద కూర్చుంది. నేను లేవబోతుంటే, "రెండోది గూడ తియ్ బిడ్డా. ఒక దిక్కుండి ఒక దిక్కు లేకపోతే బండి గూడ నా లెక్కనే ఉంటది" అన్నాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వింది అదే మొదలు.

తెల్లారి తమ్ముడు బండిని వాకిట్లో అరుగులాంటి గద్దెకు ఆనించి నిలబెట్టాడు. గద్దె మీద నుంచి కుర్చీని సీటుకు చేర్చాం. మధ్యలో చెక్క వేస్తే మామ తనే జరిగాడు. నా భుజం మీద ఆయన చెయ్యి పడింది. ఇద్దరం చెరో దిక్కు చూశాం. సిగ్గు పోయిందని చెప్పను, చివరి దాకా పోలేదు. కానీ మళ్ళీ ఎప్పుడూ బయటికి రానని మాత్రం అనలేదు.

భువనగిరిలో గుట్ట కింది సందులో బండి ఆగింది. వాళ్ళక్క లేవలేకపోతోందని, కొడుకులు ఆమెను మంచంతో సహా తెచ్చి డోరుకు ఆనించారు. మామ సీట్లోంచి మంచం మీదికి జరిగాడు. పనిచేయని చేతిని తువ్వాల కింద దాచుకున్నాడు.

"గా చెయ్యేది?" అంది ఆమె.

"ఉన్నది తియ్యక్కా." తల వంచుకున్నాడు. "నీ ముంగట గిట్లయిన. సిగ్గయితాంది."

"నీ ముడ్డి కడిగిన చేతులురా ఇవి. నా తాన నీకేం సిగ్గు?"

తువ్వాల తీసేసి, ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పి, మెటికలు విరవడం మొదలుపెట్టింది. చిటికెన వేలు టప్పుమంది. మామ తలెత్తి వాళ్ళక్కను చూశాడు, తర్వాత ఆ వేలును చూసుకున్నాడు. ఆమె ఇంకో వేలు అందుకుంది.