మూడు నిమిషాల ఆంటీ

పోయిన మంగళవారం పొద్దున ఆఫీసు బస్సులో ఉండగా, ఒకప్పుడు మా ఎదురింట్లో ఉన్న ఆంటీ వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడ కెనడాలోనే పుట్టి పెరిగిన పిల్ల, ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం తెలుగులో, "అక్కా, అమ్మ పోయింది," అంది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆంటీది కాకినాడ. చాలా ఏళ్ల కిందట కెనడా వచ్చి, మా ఊరి సిటీ హాల్లో క్లర్కుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. మేయరూ, ఆయన ఎంచుకున్న కొద్దిమంది కౌన్సిలర్లూ కలిసి కూర్చునేదాన్ని మా ఊళ్లో ఎగ్జిక్యూటివ్ కమిటీ అంటారు. మన మంత్రివర్గం లాంటిదనుకోండి. పెద్ద విషయమేదైనా ముందు అక్కడ చర్చకొచ్చి, ఆ తర్వాతే మొత్తం కౌన్సిల్ ముందుకి వెళ్తుంది. కమిటీ ఏం మాట్లాడబోతోందో ముందుగా జనానికి తెలియజేయడం, మాట్లాడింది మినిట్స్‌గా రాయడం, మైకు దగ్గరికొచ్చినవాళ్లకి మూడు నిమిషాలు కాగానే ఎర్ర లైటు వేయడం ఆంటీ పని. అందుకే చాటుగా ‘మూడు నిమిషాల ఆంటీ’ అని పేరు పెట్టుకున్నాం. ఆవిడకి తెలుసనే అనుకుంటాను.

ఆఫీసు పని ఆఫీసులో వదిలి రావడం ఆవిడకి చేతకాలేదు. ఎజెండా రాగానే ఒక కాపీ తీసుకెళ్లి ఇండియన్ స్టోరులో బోర్డుకి, కర్రీ పాయింటు కాగితాలకీ రూములు అద్దెకిచ్చే కాగితాలకీ మధ్య, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి పెట్టేవారు. ఎవరు చదువుతారాంటీ అని ఒకసారి నవ్వాను. "చదవకపోవడం వాళ్లిష్టమమ్మా. చెప్పకపోతే మాత్రం నా తప్పవుద్ది," అన్నారు. నేనూ చదవలేదు, అది వేరే సంగతి.

స్టూడెంట్లు వెల్లువలా వచ్చిన ఏళ్లవి. మేం ఐదుగురు అమ్మాయిలం ఆ వీధిలో ఒక బేస్‌మెంటులో ఉండేవాళ్లం. ఒక చలికాలం, సెమిస్టరు సగంలో, మా వాట్సాప్ గ్రూపు గొల్లుమంది. ఇంటికి ముగ్గురికి మించి అద్దెకుండకూడదని రూలు వచ్చేసిందట, మిగతావాళ్లని వెంటనే ఖాళీ చేయిస్తారట. ఆ మంచులో సామాన్లేసుకుని ఎక్కడికి పోతాం? టొరంటోలో, స్కార్‌బరో వైపున్న ఫ్రెండ్ దగ్గరికి పోతే కాలేజీకి రానూ పోనూ ఐదు గంటలు. చదువు ఆగిపోయినట్టే అనుకున్నాం.

మనకి తెలిసిన దారి ఒకటే కదా. కాజూ కత్లీ డబ్బా పట్టుకుని ఐదుగురం రోడ్డు దాటాం.

"ఆంటీ, మీరు వాళ్ల పక్కనే కూర్చుంటరు కదా. మా గురించి ఒక్క మాట చెప్పండి," అన్నాను. మాది ఖమ్మం. సిఫార్సు లేకుండా పని జరుగుతుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఆంటీ అందరికీ టీ ఇచ్చారు. డబ్బా మాత్రం మూత తీయకుండా నా చేతిలోనే పెట్టేశారు. "అడగాల్సింది మీరు. నిర్ణయించాల్సింది వాళ్లు. జరిగింది రాసి, నలుగురికీ చెప్పడం వరకే నా పని," అన్నారు. అప్పుడు ఎజెండా తీసి చూపించారు. "ఇది రూలు కాలేదమ్మా, ఇంకా ప్రపోజలే. బుధవారం కమిటీలో పెడతారు. మంగళవారం మధ్యాహ్నం లోపు పేరు రిజిస్టర్ చేసుకుంటే ఎవరైనా మాట్లాడొచ్చు." గుమ్మం దాకా వచ్చి మరో రెండు మాటలు చెప్పారు. "మీకు కావాల్సింది ముందు చెప్పండి. ఎర్ర లైటు వెలగ్గానే పరిగెత్తుకెళ్లి కూర్చోకండి, వాళ్లేదైనా ప్రశ్న అడగొచ్చు. జవాబుకి వేరే టైముంటది."

నాకు ఒళ్లు మండింది. సాటి తెలుగువాళ్లమన్న జాలి కూడా లేదే అని రోడ్డు దాటేంతసేపూ సణిగాను.

ఖమ్మంలో వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచానని అందరూ నన్నే మాట్లాడమన్నారు. అదే కొంప ముంచింది. మైకు ముందు నిలబడి గౌరవనీయులైన మేయరు గారితో మొదలుపెట్టి, ఒక్కొక్క కౌన్సిలరుకీ పేరుపేరునా వందనాలు చెప్పి, ఈ దేశం మాకిచ్చిన అవకాశాన్ని కొనియాడి, రోడ్ల మీద మంచు తీసే పద్ధతిని కూడా మెచ్చుకున్నాను. బేస్‌మెంటు దగ్గరికి వచ్చేసరికి ఎర్ర లైటు వెలిగింది. ఆంటీ వైపు చూశాను. ఆవిడ కంప్యూటరు మీద నుంచి తలెత్తలేదు. ఒక్క క్షణం కూడా ఎక్కువివ్వలేదు.

వెళ్లిపోబోయాను. గుమ్మం దగ్గరి మాట గుర్తొచ్చి ఆగాను. టేబులు చివరనున్న పెద్దావిడ, ఒక కౌన్సిలరు, కళ్లజోడు తీసి, "ఇంతకీ మీరేం అడుగుతున్నారమ్మాయ్?" అన్నట్టు ఇంగ్లీషులో అడిగింది.

"ఇప్పుడు ఉంటున్నవాళ్లని ఏప్రిల్ పరీక్షలయ్యేదాకా ఉండనివ్వండి," అన్నాను. అంతే. దానికి మూడు నిమిషాలెందుకో నాకే తెలియలేదు.

నా తర్వాత మా పక్కింటి ముసలాయన మాకు వ్యతిరేకంగా మాట్లాడాడు. చెత్త డబ్బాలు, పార్కింగు, రాత్రిళ్లు మా ఇంటి పోపు వాసన. లైటు వెలిగాక ఆయన కూడా మైకు దగ్గరే నిలబడి ప్రశ్నల కోసం చూశాడు. ఆంటీ ఆయనకీ అదే చెప్పారన్నమాట. నా కోపం అక్కడే చల్లారింది.

రూలు వచ్చింది. ఉన్నవాళ్లకి ఏప్రిల్ చివరిదాకా గడువిస్తూ ఒక వాక్యం కూడా చేరింది. కౌన్సిల్ ఆమోదించిన మర్నాడు ఆ కాగితం స్టోరు బోర్డు మీద నాలుగు పిన్నులతో ఉంది. ఆ సాయంత్రం ఆంటీయే రోడ్డు దాటి మా బేస్‌మెంటుకి వచ్చారు. "ఆ స్వీట్లు ఉన్నాయా, మింగేశారా? ఇప్పుడైతే తింటాను," అన్నారు. సగం డబ్బా ఖాళీ చేశారు. మినిట్స్‌లో నా ఉపన్యాసమంతా ఒక్క లైనే ఉందేంటాంటీ అని నిష్టూరమాడాను. "పనికొచ్చింది అదొక్కటే కదమ్మా," అన్నారు.

ఆ రోజు ఆవిడ మా తరఫున ఒక మాట వేసుంటే మా పని అయ్యేదేమో. నేను మాత్రం ఈ దేశంలో ప్రతి ఆఫీసు ముందూ ఇంకో ఆంటీ కోసం వెతుక్కుంటూ ఉండేదాన్ని. ఆవిడంటే నాకున్న గౌరవమంతా ఆ మాట వేయనందుకే.

శనివారం చర్చిలో ఆంటీ అంత్యక్రియల ప్రార్థన అయ్యాక, మాట్లాడదలచుకున్నవాళ్లు రావచ్చని పాస్టరు గారు అన్నారు. నేను మైకు దగ్గరికి వెళ్లాను. ఎవరికీ వందనాలు చెప్పలేదు. "ఆంటీ మాకు సాయం చేయనన్నారు. అందుకే నేను నోరు విప్పి అడగడం నేర్చుకున్నాను," అన్నాను. ఇంకేం మిగల్లేదు. అయినా వెంటనే వచ్చి కూర్చోలేదు. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని కాసేపు మైకు దగ్గరే నిలబడ్డాను.