నీళ్ళు చొరని జాయింటు

2023 ఆగస్టు. జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు వెళ్ళే రోడ్డులో నా ఆటో ఎలక్ట్రికల్ షాపు. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా లారీలే. గరికపాడు చెక్‌పోస్టు దాటి వచ్చినవాళ్ళు, దాటబోయేవాళ్ళు హెడ్‌లైటనో, సెల్ఫ్ మోటారనో ఆగుతారు. సెల్ఫ్ అంటే ఇంజన్‌ను మొదట తిప్పి లేపే మోటారు. లారీ జబ్బులకు దాపరికం ఉండదు. వైరు కాలితే వాసన వస్తుంది, ఫ్యూజు పోతే దీపం ఆరిపోతుంది. పాత పెట్రోలు కార్లతోనే చిక్కు. వాటిలో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దానికి తోచింది అది చెబుతుంది. చెప్పిందల్లా నమ్మి సామాన్లు మారుస్తూ పోతే బండివాడి కొంప మునుగుతుంది.

ఆ రోజు ఉదయం తుంపర పడుతుండగా ఒక తెల్ల కారు వచ్చి షాపు ముందు ఆగింది. పదిహేనేళ్ళనాటి చిన్న కారు. అది ఆగకముందే పెట్రోలు వాసన వచ్చింది. నడుపుతున్నది సువార్త, రెడ్డిగూడెం అవతల ఒక ప్రభుత్వ బడిలో టీచరు. పక్క సీట్లో వాళ్ళ నాన్న యేసురత్నం. నందిగామ చుట్టుపక్కల ఊళ్ళలో బోరు మోటార్లు దించడం, ఎత్తడం, బాగుచేయడం ఆయన పని. మా అన్న పొలంలో మోటారు దించింది కూడా ఆయనే. అప్పటి నుంచి బాబాయ్ అని పిలుస్తాను.

"ఏంది టీచరమ్మా, బండి ఇంత కంపు కొడతంది?" అన్నాను.

"అందుకే తెచ్చానన్నయ్యా. ఇంజన్ లైటు ఆరట్లేదు. పెట్రోలు తెగ తాగేస్తంది. నందిగామ బంకు దగ్గర పొల్యూషన్ చూపిస్తే ఫెయిలన్నారు."

"కొత్త సెన్సారు వేయించి ఎన్నాళ్ళో కాలేదు మస్తానూ," అన్నాడు రత్నం బాబాయి, తప్పు నాదన్నట్టు.

విషయం ఏమిటంటే, దసరా లోపు ఆ కారుకు పదిహేనేళ్ళు నిండుతాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ లేనిదే ఆ పని కాదు. కొత్త కారు కొనే దారి వాళ్ళకు అప్పట్లో లేదు. నందిగామ నుంచి ఆ బడికి బస్సులు మారి వెళితే మొదటి గంట అందదు. కారు మూలన పడితే సువార్త రెడ్డిగూడెంలో గది తీసుకుని ఉండాలి, రెండేళ్ళ కొడుకును నందిగామలో తల్లి దగ్గర వదిలిపెట్టాలి. భర్తది విశాఖలో ఉద్యోగం. ఇదంతా ఆమె ఏ ఏడుపూ లేకుండా, హాజరు పిలిచినట్టు చెప్పింది. నాకు మాత్రం వింటుంటే బాధేసింది. నా కూతురు బిడ్డదీ అదే వయసు.

ఇక్కడ ఆక్సిజన్ సెన్సార్ గురించి రెండు మాటలు చెప్పాలి. అది పొగగొట్టానికి బిగించిన ముక్కు. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, చిన్న వోల్టేజీ రూపంలో కంప్యూటరుకు చెబుతుంది. ఎక్కువ మిగిలిందంటే పెట్రోలు చాలలేదని లెక్క, కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది. తక్కువ మిగిలితే తగ్గిస్తుంది. సెన్సారు బాగుంటే ఆ వోల్టేజీ ఒకచోట నిలవదు, ఉయ్యాల ఊగినట్టు పైకీ కిందికీ పోతూనే ఉంటుంది.

స్కానర్ తగిలించాను. కంప్యూటరు మనసులో ఏముందో చూపించే పరికరం అది. 'లీన్' అని కోడు వచ్చింది. అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. సెన్సారు వోల్టేజీ ఊగడం మానేసి అడుగున పడుకుని ఉంది. వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టంలో వేలు పెడితే కాటుకలా మసి అంటింది. పెట్రోలు తక్కువైన ఇంజన్‌కు మసి పట్టదు. కంప్యూటరేమో ఆకలంటోంది, సైలెన్సరేమో అజీర్తంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు.

గాలి ఎక్కడైనా దొంగచాటుగా ఇంజన్‌లోకి దూరుతోందా అని గొట్టాలన్నీ చూశాను. లేదు. పొగగొట్టం ఎక్కడైనా చిట్లిందా అంటే అదీ లేదు. ఇక మిగిలింది వైరింగ్. ఆ సెన్సారుకు నాలుగు వైర్లు. రెండు దాన్ని వేడెక్కించే హీటరుకు, రెండు కబురు మోసేవి. మల్టీమీటరు పెట్టి చూస్తే హీటరుకు కరెంటు అందుతోంది, ఎర్త్ బాగుంది, కబురు వైరు కంప్యూటరు దాకా ఎక్కడా తెగలేదు. వైర్ల వెంట చెయ్యి పోనిస్తుంటే, సెన్సారుకు జానెడు దూరంలో చిన్న వంకాయంత నల్ల ముద్ద తగిలింది. బ్లేడు తీశాను.

"ఆ జాయింటు జోలికి పోమాక," అన్నాడు బాబాయి. "అది నేనేసింది."

సంగతి సువార్త చెప్పింది. పాత సెన్సారు చచ్చిపోతే నందిగామలో మెకానిక్ కొత్తది వేశాడు. కొత్తదాని వైర్లను పాత కనెక్టరుకు మెలిపెట్టి టేపు చుట్టాడు. తొలకరి వానకే ఆ టేపు ఊడి, వైర్లు ఒకదానికొకటి తగిలి ఫ్యూజు పోయి, జి.కొండూరు దాటాక కారు ఆగిపోయింది. ఆ రోజు బాబు కూడా కారులోనే ఉన్నాడు. హోరువానలో, పక్కనుంచి లారీలు పోతుంటే, ఎవరో ఒకరు ఆగేదాకా బిడ్డను ఎత్తుకుని కూర్చుంది. సంగతి తెలిశాక బాబాయి ఆ మెకానిక్‌ను నాలుగు తిట్టి, టేపు పీకేసి, బోరు కేబులుకు వేసినట్టు తనే జాయింటు వేశాడు. నాలుగు వైర్లకూ సోల్డరింగ్ చేసి, అంటే సీసం కరిగించి అతికి, రబ్బరు టేపు చుట్టి, దానిమీద జిగురు పోశాడు. అంతటితో ఊరుకోలేదు. బోరు పనులన్నీ పక్కనపెట్టి, రోజూ కూతురి పక్కన కూర్చుని బడికి వెళ్ళడం, సాయంత్రం దాకా బడి వరండాలో కూర్చోవడం, మళ్ళీ ఆమెతో తిరిగి రావడం మొదలుపెట్టాడు.

"వందల అడుగుల లోతున నీళ్ళల్లో ఉంటయ్యి నా జాయింట్లు. పదేళ్ళైనా చుక్క దూరదు. వానెంత," అన్నాడు.

"నీ పనికి వంక పెట్టట్లేదు బాబాయ్. సెన్సారు దగ్గర వోల్టేజీ చూడాలంటే విప్పక తప్పదు," అన్నాను. ఆయన మొహం తిప్పుకున్నాడు.

విప్పడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఎట్టకేలకు నాలుగు వైర్లూ బయటపడ్డాయి. కొలిచాను. ఒరిజినల్ వైరు ఎలా ఉంటుందో జాయింటు కూడా అలాగే ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంజన్ నడుస్తూనే ఉంది. టీ తాగి వచ్చి స్కానర్ వంక చూస్తే, అడుగున పడుకున్న వోల్టేజీ లేచి ఊగుతోంది. కాసేపటికి పెట్రోలు వాసన కూడా తగ్గింది. నేను బాగుచేసిందేమీ లేదు. చూసినందుకే బాగుపడే జబ్బంటే నాకు మహా చిరాకు. రేపు చూడనప్పుడు మళ్ళీ వస్తుంది. అయినా ఎంత వెతికినా ఇంకేం దొరకలేదు. వైర్ల మీద వదులుగా గుడ్డటేపు చుట్టి, పైన ఒక గొట్టం తొడిగి పంపించాను.

సెప్టెంబరులో మళ్ళీ వచ్చారు. అదే వాసన, అదే లైటు, అదే కోడు. పది రోజులు బంగారంలా నడిచిందట. పొల్యూషన్‌కు తీసుకెళ్ళే లోపే మొదలైందట. గడువు ముంచుకొస్తోంది. రెడ్డిగూడెంలో గది చూసి వచ్చానని సువార్త నెమ్మదిగా అంది. బానెట్ ఎత్తాను. నల్ల వంకాయ మళ్ళీ అక్కడే కాసి ఉంది.

"ఇదేంది బాబాయ్?"

"నువ్వు ఉత్త గుడ్డపేలిక చుట్టి పంపిస్తివి. వానాకాలం. మళ్ళీ నడిరోడ్డు మీద ఆగిపోద్దని నేనే గట్టిగా ఏసా."

మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆ ముద్ద వంక చూస్తుంటే బుర్రలో ఏదో కదిలింది. ముద్ద విప్పితే జబ్బు పోయింది. ముద్ద కట్టిన కొన్నాళ్ళకు తిరిగొచ్చింది. ఎప్పుడో విజయవాడలో ఒక శిక్షణలో విని మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ అక్కడే ఉన్నాడు, అందరికంటే పెద్దమనిషి వేషంలో.

"బాబాయ్, ఈ సెన్సారు పొగ వాసన ఒక్కటే చూస్తే సరిపోదు. పోల్చుకోటానికి దానికి బయటి గాలి కూడా కావాలి. ఆ గాలి ఈ వైర్లలోంచే లోపలికి పోద్ది. నువ్వు నాలుగు వైర్లూ మూసేసావు. లోపలున్న గాలి ఉన్నన్నాళ్ళు బాగానే చెప్పింది. అది అయిపోయాక తప్పులు చెబుతంది. పెట్రోలు చాల్లేదనుకుని కంప్యూటరు పోస్తానే ఉంది."

బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. "నలభై ఏళ్ళబట్టి వైర్లతోనే బతుకుతున్నా. వైర్లో కరెంటు పోద్ది గానీ గాలి పోయ్యేదేందయ్యా?"

మాటలతో అయ్యే పని కాదు. నా పక్క షాపు పంక్చర్ల షాపు. ట్యూబులు ముంచి చూసే నీళ్ళ తొట్టి, గాలి కొట్టే కంప్రెసరు అక్కడ ఉన్నాయి. పాత సామాన్లలోంచి చచ్చిన సెన్సారు వైరు ఒక మూరెడు కోసి, ఒక కొసకు గాలి గొట్టం పట్టించి, రెండో కొస బాబాయి చేతికిచ్చాను. ఆయనే దాన్ని నీళ్ళలో ముంచాడు. గాలి వదిలాను. వైరు కొస నుంచి సన్నని బుడగలు, ఆవగింజలంత, వరసగా పైకి వచ్చాయి. సన్నని రాగి తీగల మధ్య సందుల్లోంచి గాలి దారి చేసుకుని వస్తోంది. బాబాయి వైరు పైకి తీసి చూసుకుని, మళ్ళీ ముంచాడు. మళ్ళీ బుడగలు.

తర్వాత కారులోంచి ఆయన వేసిన జాయింటును రెండు పక్కలా తోకలతో సహా కోసి తెచ్చాను. దాన్ని తొట్టిలో ముంచి, ఆ తోకలకు ఒక్కొక్కదానికే గాలి కొట్టాను. తొట్టిలో నీళ్ళు అద్దంలా ఉండిపోయాయి.

"నా జాయింటు గట్టిదే," అన్నాడు చివరికి.

"గట్టిదే బాబాయ్. ఈ చుట్టుపక్కల అంత గట్టిగా ఇంకెవరూ వెయ్యలేరు."

ఆయన నవ్వలేదు. తడిచేతులు పంచెకు తుడుచుకుని వెళ్ళి బల్లమీద కూర్చున్నాడు. వాన నుంచి బిడ్డను కాపాడదామని చేసిన పని బిడ్డకే ఎదురుతిరిగిందని ఆయనకు అర్థమైంది. నాకు జాలేసింది. చెప్పక తప్పలేదు.

సువార్త వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "నువ్వెయ్యకపోతే నేను జూన్‌లోనే కారెక్కటం మానేసేదాన్ని నాన్నా," అంది.

బాబాయి లేచి వచ్చి బానెట్‌లోకి వంగాడు. "మరి మూయకపోతే వానకెట్టా? బోరు మోటారు స్టార్టరు డబ్బాలోకి వైరు పైనించి దించం. కిందికి వేలాడదీసి, కిందనించి ఎక్కిస్తాం. నీళ్ళు ఆ వంపుదాకా జారి చుక్కలుగా పడిపోతయ్యి. ఇదీ అట్టా కట్టరాదూ?"

ఆ మాట నాకు తట్టలేదు. ఆయన చెప్పినట్టే చేశాం. సోల్డరింగ్ లేకుండా క్రింపింగ్ చేశాను. అంటే చిన్న లోహపు గొట్టంలో రెండు వైర్లూ పెట్టి పట్టుకారుతో నొక్కడం. సీసం వైరులోకి పాకి సందులు పూడ్చే బెడద ఉండదు. జాయింటును పైన, వాన అందని చోట కట్టి, వైరుకు కింద ఒక వంపు ఇచ్చి, పైన తొడిగిన గొట్టం మూతి కిందికి తిప్పాం. బకెట్టు నీళ్ళు తెచ్చి పోసింది బాబాయే. జాయింటు తడవలేదు. వోల్టేజీ ఊగుతూనే ఉంది.

పొల్యూషన్ పాసైంది. దసరా ముందే రెన్యువల్ కూడా అయింది. రెడ్డిగూడెంలో చూసిన గది వద్దని చెప్పేశానని సువార్త ఫోను చేసింది.

ఆ కేసు తర్వాత నా అలవాటు ఒకటి మారింది. ఎవరు బండి తెచ్చినా, ఏం చెడిందని అడిగే ముందు, ఇంతకుముందు ఎవరు బాగుచేశారు, ఏం చేశారు అని అడుగుతున్నాను. పట్టనితనంతో చేసిన పని చూడగానే తెలిసిపోతుంది. ప్రేమతో చేసిన పనిని ఎవరూ అనుమానించరు. నేనూ అనుమానించలేదు.

దీపావళి అయ్యాక సామాను కోసం నందిగామ వెళుతుంటే, రోడ్డు పక్క చేలో బోరు దగ్గర రత్నం బాబాయి కనిపించాడు. మోటారు పైకి ఎత్తి ఉంది. ఆయన గొంతుకూర్చుని కేబులుకు రబ్బరు టేపు చుడుతున్నాడు. బడి ఉన్న రోజే. బండి ఆపి దగ్గరికి వెళ్ళాను.

"టీచరమ్మ ఏది బాబాయ్?"

"బడికి పోయింది," అన్నాడు, తల ఎత్తకుండా. కాస్త ఆగి, "ఒక్కతే," అన్నాడు.

మబ్బు పట్టి ఉంది. ఆయన ఒకసారి ఆకాశం వంక చూసి, జేబులోని ఫోను మీద చెయ్యి వేసి, తీయకుండానే వదిలేశాడు.

"దీనికి గాలి అక్కర్లేదు గదా మస్తానూ?" అని చేతిలో జాయింటు చూపించాడు.

"అక్కర్లేదు బాబాయ్. ఎంత గట్టిగా చుట్టుకుంటావో చుట్టుకో," అన్నాను.

ఆయన టేపు సాగదీసి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.